కొత్త సర్వరు, పాత పలుపు

జీపు ఘాట్ రోడ్డెక్కి డుంబ్రిగుడ దగ్గరి హాస్టల్ స్కూలు ముందు ఆగేసరికి ఆడపిల్లలందరూ వరండాలోకి వచ్చేశారు. అన్నం గంట కొట్టినా అంత త్వరగా రారు. జీపు వెనక సీటు తీసేసి, కింద దుప్పట్లు పరిచి, మధ్యలో పెద్ద అట్టపెట్టె పెట్టుకుని తెచ్చాడు మోసెస్. విశాఖపట్నంలో స్కూలు నడిపే సంస్థ ఆఫీసు ఉంది. అక్కడ కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసేది ఆయనే.

"సరళమ్మా, కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చాను. దిష్టి తీసి లోపలికి పిలువు" అన్నాడు దిగుతూనే.

కంప్యూటర్ టీచర్ సరళ వెంటనే నవ్వలేదు. పెట్టె చుట్టూ తిరిగి, అతికించిన టేపు ఎక్కడైనా విప్పి మళ్ళీ వేశారేమోనని వేలితో రాసి చూసింది. విప్పలేదు. అప్పుడు నవ్వింది.

ఆ అనుమానానికి కారణం ఉంది. కొండ కింద నుంచి ఆ స్కూలుకి వచ్చినదేదీ ఎవరో ఒకరు వాడకుండా రాలేదు. బెంచీలు వచ్చాయి, వాటి మీద ఎవరెవరి పేర్లో కాంపాసు ముల్లుతో చెక్కి ఉన్నాయి. వర్కుబుక్కులు వచ్చాయి, ఖాళీలన్నీ అప్పటికే ఎవరో పూరించేశారు, సగం తప్పులు. ఒకసారి సీలింగు ఫ్యాన్లు కూడా వచ్చాయి. అరకులోయ చలిలో ఫ్యాన్లెందుకని పంపినవాళ్ళకి తోచలేదు. కంప్యూటర్ గదిలో ఉన్న సర్వరూ ఆ దారినే వచ్చింది, పక్కన ఏదో ఆఫీసు స్టిక్కరు సగం చింపి సగం వదిలేసి.

కిందటి నెల విశాఖలో మీటింగు జరిగింది. సంస్థకే చెందిన అక్కడి టౌను స్కూలుకి కొత్త సర్వరు కొంటున్నామన్నారు. కొండ మీది స్కూలు సంగతి వచ్చేసరికి మోసెస్ చేతిలోని కాగితం మీంచి తలెత్తకుండానే, "వాళ్ళకి ఉన్నది చాలండి" అన్నాడు. ఆ మాటలో కోపమూ లేదు, చిన్నచూపూ లేదు. చెప్పులో రాయి తీసి పారేసినంత మామూలుగా అన్నాడు. సరళకి ఒళ్ళు మండింది అందుకే. లేచి నిలబడి, మా పిల్లలకి ఎప్పుడూ వాడేసినవే ఎందుకండీ అని అడిగింది. చివరికి ఒకేలాంటివి రెండు కొన్నారు.

సరిగ్గా అవసరమైన వారంలోనే వచ్చింది. కంప్యూటర్ పరీక్షని ఆ ఏడాది నుంచి ఈ స్కూల్లోనే పెట్టుకోవచ్చని బోర్డు ఒప్పుకుంది, ఒక షరతు మీద. శుక్రవారం ఒక ఆఫీసరు వస్తాడు. పరీక్ష ఎంతసేపు జరుగుతుందో అంతసేపూ పది తెరలూ ఆగకుండా నడవాలి. ఆగితే సెంటరు లేదు, పిల్లలు విశాఖ వెళ్ళి రాయాల్సిందే. కిందటేడు అలా వెళ్ళాల్సినవాళ్ళలో సగంమందిని ఇళ్ళవాళ్ళు పంపలేదు. వలిసె పంట కోసే రోజులు, తెలియని ఊరు, రాత్రి ఎక్కడ పడుకుంటుందో తెలియని ఆడపిల్ల. బేబి అనే పిల్ల రేకుపెట్టె సర్దుకుని గేటు దగ్గర కూర్చుంటే, వాళ్ళ నాన్న వచ్చి ఆ పెట్టెతోనే ఇంటికి తీసుకుపోయాడు. ఈ ఏడు బేబి మళ్ళీ చదువుతోంది. దాన్ని చూసినప్పుడల్లా సరళకి ఆ రేకుపెట్టే గుర్తొస్తుంది.

గదిలో తెరలు పది ఉన్నాయి గాని, నిజానికి కంప్యూటరు ఒకటే. తెరల పక్కనున్న చిన్న పెట్టెలకి సొంత బుర్ర లేదు. పిల్లలు నొక్కే ప్రతి అక్షరమూ తీగ వెంట మూలనున్న సర్వరుకి వెళ్ళాలి, అందులో ప్రాసెసరు పని చేసి తిప్పి పంపితేనే తెర మీద కనిపించాలి. అది చతికిలబడితే పదిమందీ చేతులు ముడుచుకోవాల్సిందే.

మోసెస్ అట్టపెట్టె మీది వేగం అంకె చదివి వినిపించాడు. "మూడు గిగాహెర్ట్జ్. నీ పాతది ఒకటి పాయింటు నాలుగు. రెట్టింపు కన్నా ఎక్కువ."

పాతదాంట్లో ప్రాసెసర్లు రెండున్నాయని సరళకి గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పైకి అనలేదు. పోట్లాడి తెచ్చుకున్నదాన్ని వచ్చినరోజే తూకం వేయడానికి మనసొప్పలేదు. వాళ్ళ నాన్న సంతలో ఎద్దుని నచ్చుకున్నా, మడిలో కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూసేదాకా బేరం తెగనిచ్చేవాడు కాదు. ఆ నాన్న కూతురే, రెండింటినీ నాలుగు రోజులు ఉంచుకుని చూసుకుంటావా అని మోసెస్ అడిగితే, "అక్కర్లేదు సార్, తీసుకుపోండి" అనేసింది. పాతదాన్ని కొనే వ్యాపారి ఒకడు టౌనులో సిద్ధంగా ఉన్నాడట.

పాత సర్వరుకి ముందువైపు ఇనప తలుపు ఉంటుంది. స్విచ్చి, డిస్కులు ఆ తలుపు వెనకే. సరళ దాన్ని ఆపి, తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి దానికే వదిలేసింది. వాచ్‌మన్ మంగ్లు తాత, డ్రైవరు చెరోపక్క పట్టుకుని జీపులోకి ఎక్కించారు. ఒకప్పుడు మంగ్లు కూడా సంతలో పశువుల బేరగాడే. జీపులో పెట్టాక పాత సర్వరు నెత్తిన అరచేయి ఆనించి, ఏదో గొణిగి, పక్కకి తప్పుకున్నాడు. ముసలివాళ్ళ చాదస్తం అనుకుంది సరళ.

మర్నాడు మంగళవారమంతా పండగే. కొత్త సర్వరు మీద ఉత్తరం తెరవమంటే వేలు తీసేలోగా తెరుస్తోంది. పాతదైతే ఒక నిట్టూర్పు విడిచి గాని తెరిచేది కాదు. ముగ్గురేసి పిల్లల్ని కూర్చోబెట్టి పని చేయించింది సరళ. ప్రింటరులోంచి కాగితాలు వేడివేడిగా రాలుతుంటే వంటమనిషి అప్పలనర్సమ్మ కూడా గరిటె పట్టుకుని వచ్చి చూసిపోయింది. సర్వరు వెనకనుంచి వేడిగాలి బుసలు కొడుతూ వస్తుంటే పిల్లలు వంతులు వేసుకుని చేతులు కాచుకున్నారు. దాని ఫ్యాను మోతకి టీచరు గొంతు కాస్త పెంచాల్సి వచ్చింది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. వింత ఎంతసేపుంటుందో మాత్రం చెప్పలేదు.

బుధవారం పదిమందినీ ఒకేసారి కూర్చోబెట్టింది. ఉత్తరం ఒకటి, పట్టిక ఒకటి, దానికి బొమ్మ ఒకటి, పరీక్షలో ఎలా అడుగుతారో అలాగే. మొదటి పది నిమిషాలు బాగానే ఉంది. బేబి పెద్ద పట్టికని అక్షరక్రమంలో సర్దమని నొక్కింది. నొక్కగానే తక్కిన తొమ్మిది తెరలూ బిగుసుకుపోయాయి.

"టీచర్, నాది కదలట్లేదు" అంది ఒక పిల్ల. నాదీ, నాదీ అని మిగతావాళ్ళు అందుకున్నారు. బేబి తప్పంతా తనదేనన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి పట్టిక సర్దుకుంది, తెరలన్నీ ఒక్కసారిగా కదిలాయి, అప్పటిదాకా నొక్కిన అక్షరాలన్నీ వరదలా వచ్చి పడ్డాయి. ఒక పిల్ల ఉత్తరంలో "అయ్యా" అన్న మాట పదకొండుసార్లు పడింది. పిల్లలు నవ్వారు. సరళకి నవ్వు రాలేదు.

అదేదో సర్దుకుంటుందిలే అనుకునేలోపు కరెంటు పోయింది. కరెంటు పోవడం అక్కడ వింతేం కాదు, అందుకే ఇన్వర్టరు పెట్టుకున్నారు. పాత సర్వరు ఉన్నప్పుడు కరెంటు పోయిన సంగతి కిటికీ బయట అప్పలనర్సమ్మ తిట్లు విని తెలుసుకోవలసిందే తప్ప గదిలో తెలిసేది కాదు. ఇప్పుడు పిల్లలందరూ పనిలో ఉండగా ఇన్వర్టరు కీచుమని అరిచింది, ఎర్రదీపం వెలిగింది, గది మొత్తం ఆరిపోయింది. బరువు ఎక్కువైందన్నమాట. పది తెరలూ పాత సర్వరూ కలిసి ఇన్వర్టరుని అది మోయగల అంచుదాకా తెచ్చి ఆపేవి. కొత్త సర్వరు ఊరికే ఉన్నంతసేపు ఫరవాలేదు, ఊపిరి బిగబట్టి పని చేసినప్పుడు మాత్రం అంచు దాటించేస్తోంది.

మళ్ళీ చేసింది, మళ్ళీ ఆరిపోయింది. ఇద్దరిని లేపేసి ఎనిమిదిమందితో చేస్తే ఇన్వర్టరు నిలబడింది గాని బేబి పట్టిక దగ్గరికొచ్చేసరికి తక్కినవాళ్ళు మళ్ళీ బిగుసుకుపోయారు. పిల్లల్ని అన్నానికి పంపేసి, వెచ్చటి సర్వరు పక్కన నేల మీద కూర్చుని సరళ ఏడ్చింది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక వచ్చిన ఏడుపు అది. అడిగి తెచ్చుకుంది తనే, చూసుకోకుండా పాతదాన్ని సాగనంపింది తనే. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఫోను హెడ్మిస్ట్రెస్ ఫ్లోరెన్స్ గారి గదిలో ఉంటుంది. విశాఖ నుంచి మోసెస్ ఫోను చేశాడంటే సరళ కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. ఆయన గొంతులో సరదా లేదు. పాత సర్వరు తాళంచెవి ఏదని అడిగాడు. జీపులో పెట్టలేదని, తలుపు తెరుచుకోక, ఆన్ చేసి చూపించలేకపోయానని, వ్యాపారి సగం ధరే ఇస్తానని చెప్పి వెళ్ళిపోయాడని, అక్కడ ఏ చిన్న వస్తువు పెట్టినా మాయమైపోతుందేమిటని అన్నాడు.

చివరి మాట సరళకి గుచ్చుకుంది. వెతికి చెబుతానని పెట్టేసి, సర్వరుని మోసినవాడు మంగ్లే గనక నేరుగా గేటు దగ్గరికి వెళ్ళింది. మంగ్లు తాత గదిలో, లాంతరు తగిలించే మేకుకి, జనపతాడుతో కట్టిన చిన్న తాళంచెవి వేలాడుతోంది.

"ఇదేటి తాతా? నేను దొంగతనం మాట పడ్డాను" అంది.

మంగ్లు నొచ్చుకున్నాడు గాని తప్పు చేసినట్టు మాత్రం చూడలేదు. "పసువునిత్తాం గానీ పలుపివ్వం కదా టీచరమ్మా. పలుపు కూడా ఎల్లిపోతే కొట్టం ఖాళీ అయిపోద్ది. మల్లీ ఇంకోటి రాదు."

"అది పశువా తాతా?"

"కాదులే. పని సేసింది కదా మరి."

సరళ తాళంచెవిని వేలితో కదిపి చూసింది. వాళ్ళ ఇంట్లోనూ అంతే, ఎద్దునమ్మినా ఆవునమ్మినా మెడలోని పాత పలుపు విప్పి చూరులో దోపేవారు, కొన్నవాడు తన తాడు తను తెచ్చుకోవలసిందే. ఇనప సర్వరుకి పలుపు ఏమిటని మంగ్లు ఆలోచించి ఉండాలి. దాన్ని కట్టేసి ఉంచేది, విప్పేది ఆ తాళంచెవే గనక అదే పలుపని తేల్చుకుని ఉండాలి. సరళకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ రెండింటి వెనకే ఇంకో సంగతి మెల్లిగా తట్టింది. తాళంచెవి ఇక్కడుంది గనకే పాత సర్వరు ఇంకా అమ్ముడుపోలేదు.

మేకు మీంచి దాన్ని తీసుకుని ఫ్లోరెన్స్ గారి దగ్గరికి వెళ్ళింది. జరిగినదంతా, తన తొందరపాటుతో సహా చెప్పింది. తనిఖీ వాయిదా వెయ్యమని బోర్డుకి ఫోను చేద్దామంది ఆవిడ. వాయిదా అంటే వచ్చే ఏడాదే, అది ఇద్దరికీ తెలుసు. రేపు పొద్దున్న మొదటి బస్సుకి విశాఖ వెళ్ళి పాతదాన్ని అడిగి తెస్తానంది సరళ.

"మొన్ననేగా అక్కర్లేదన్నావు. ఇప్పుడు ఏమని అడుగుతావు?" అంది ఫ్లోరెన్స్ గారు.

అదే సరళని బస్సులో దారి పొడుగునా తొలిచింది. పాతవి మాకొద్దని పదిమందిలో నిలబడి అన్న మనిషి, ఆ పాతదాన్నే ఇమ్మని చెయ్యి చాపాలి. చూశారా, ఉన్నది చాలన్నానా అంటాడు మోసెస్. అనుమతి దొరికినట్టు ఇక బెంచీలూ ఫ్యాన్లూ వాడేసిన పుస్తకాలూ వరసగా ఎక్కుతాయి కొండ. అలాగని పంతానికి పోతే బేబి రేకుపెట్టె మళ్ళీ ఇంటిదారి పడుతుంది. శృంగవరపుకోట దాటేసరికి ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. అడగనే అడగకూడదు. నాన్న ఎద్దుని చూసినట్టు ముందు కట్టి చూడాలి.

మోసెస్ తాళంచెవి చూసి, జనపతాడు చూసి, కథంతా విన్నాక పగలబడి నవ్వాడు. వాళ్ళ అమ్మమ్మ గేదెనమ్మి పలుపు ఇవ్వనందుకు కొన్నవాడు ఊరి నడిబొడ్డున పోట్లాడాడట. మాయమైపోయిందన్న మాటకి మాత్రం నవ్వు ఆపి, ఏమనుకోకమ్మా అన్నాడు. సరళ ఏమనుకున్నదో చెప్పలేదు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఒకే పని చేయించి చూద్దాం సార్ అంది. ఆయనకి కుతూహలం పుట్టింది. యంత్రాలంటే ఇష్టం ఉన్న మనిషి, ఎప్పుడూ ధరల పట్టికలతోనే కాపరం చేసి విసిగిపోయి ఉన్నాడు.

టౌను స్కూలు కంప్యూటర్ గదిలో కొత్త సర్వరు ఎలాగూ ఉంది, కొండ మీదికి వెళ్ళినదానికి కవల. సరళ పాతదాని తలుపు తెరిచి స్విచ్చి నొక్కితే, నిట్టూర్చి లేచింది. రెండింటిలో మెమరీ సమానంగా ఉందని మోసెస్ చూసుకున్నాడు. ఎంత కరెంటు తాగుతుందో చూపించే మీటరు తెచ్చి పెట్టాడు. టౌను పిల్లలు పదిమంది తెరల ముందు కూర్చున్నారు. ఇదేదో పోటీ అనుకుని, పాతదాన్ని గెలిపించాలని కొందరూ కొత్తదాన్ని గెలిపించాలని కొందరూ రెండు జట్లయిపోయారు.

ఒక్క పిల్లే పని చేసినప్పుడు కొత్తదే గెలిచింది. ముగ్గురు చేసినప్పుడూ కొత్తదే, అందులో వాదమే లేదు. సరళ ఆ మాటని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసింది. పదిమందీ ఒకేసారి చేసినప్పుడు రెండూ దాదాపు ఒకలాగే నడిచాయి. అంత పెద్ద అంకె ఉన్నదానికీ ఇంత చిన్న అంకె ఉన్నదానికీ తేడా ఏమైపోయిందని మోసెస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆఖరికి ఒక పిల్ల చేత పెద్ద పట్టికని సర్దించారు. కొత్తదాని మీద తొమ్మిదిమంది బిగుసుకుపోయారు. పాతదాని మీద ఒక ప్రాసెసరు ఆ పట్టికలో తలమునకలైపోతే రెండోది తొమ్మిదిమందినీ మెల్లిగా, ఆపకుండా లాక్కుపోయింది. మీటరులో చూస్తే పాతది కొత్తది తాగినదాంట్లో సగమే తాగింది.

మోసెస్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మన కిరండూల్ లైను గూడ్సు రైలులా ఉంది సరళమ్మా. ఘాట్ ఎక్కడానికి ఇంజన్లు రెండు తగిలిస్తారు చూడు. పరిగెత్తడానికి కాదు, ఆగిపోకుండా ఉండడానికి."

అప్పుడు చెప్పింది సరళ. శుక్రవారం తనిఖీ, ఇన్వర్టరు ఎర్రదీపం, బేబి పట్టిక, అన్నీ చెప్పి, పాతదాన్నే కొండ మీదికి తీసుకుపోతానంది. మోసెస్ మొహంలో ఆమె భయపడిన నవ్వే వచ్చింది.

"మరి నేను మీటింగులో చెప్పింది ఇదే కదమ్మా. ఉన్నది చాలని."

రాత్రంతా తలలో తిరిగిన జవాబులేవీ సరళకి గుర్తురాలేదు, ఉన్నమాటే వచ్చింది. "మీరు చూడకుండా చెప్పారు సార్. నేనూ చూడకుండానే వద్దన్నాను. ఇప్పుడు చూసి చెబుతున్నాను, మా పనికి ఇదే బాగుంది. పాతదని మీరు మాకు పడేస్తే నాకొద్దు. మంచిదని మేమే ఎంచుకుంటే అది వేరు."

మోసెస్ నవ్వు సగంలో ఆగింది. నల్లబల్ల వైపు చూశాడు. ఆమె అక్షరాలతో కొత్తదాని గెలుపులు పైన, పాతదాని గెలుపు కింద, ఏదీ దాచకుండా ఉన్నాయి.

"నిజమే. నేను చూడలేదు" అన్నాడు. మీటరు విప్పుతూ, "ఇక్కడ ఆఫీసులో ఇద్దరు ముగ్గురమే వాడతాం. కొత్తది మాకు సరిపోతుంది" అని తనే అన్నాడు.

అయితే దాని ధరకీ దీని ధరకీ ఉన్న తేడా మా స్కూలుది అంది సరళ. ఇన్వర్టరు ఇంకొకటి, ఇంకో అయిదు తెరలు కావాలంది. ధైర్యం ఒకసారి వస్తే దాన్ని కూర్చోబెట్టి టీ ఇవ్వాలి, వెంటనే పంపేయకూడదు. మోసెస్ లెక్క చూసి, ఇన్వర్టరు ఈ నెలలో, తెరలు వచ్చే నెలలో అని ఒప్పుకున్నాడు. జీపులో తాళ్ళు బిగిస్తూ ఇంకో మాట చెప్పాడు. ఇప్పుడు ఒకే చిప్పులో రెండు ప్రాసెసర్లు పెట్టి చేస్తున్నారట, గిగాహెర్ట్జ్ అంకె చిన్నదే ఉంటుందట, తాగే కరెంటు తక్కువట, పని మాత్రం ఈ రెండింటికన్నా ఎక్కువట. తను మాత్రం ఇంకా చూడలేదన్నాడు, చూడలేదన్న ముక్కని కాస్త నొక్కి.

"అవి వచ్చినప్పుడు ముందు మా దగ్గరికి తెండి సార్. కొండ మీదే కట్టి చూద్దాం" అంది సరళ.

చీకటి పడేవేళకి జీపు స్కూలు చేరింది. మంగ్లు తాత ఎదురొచ్చి, పాత సర్వరుని చూసి, నేను చెప్పలేదా అనలేదు. లోపలికి మోస్తూ, "బేగి పట్టండి, సలిగాలికుంది" అని మాత్రం డ్రైవరుని తొందరపెట్టాడు.

శుక్రవారం ఆఫీసరు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పిల్లల్ని మొదలుపెట్టమని చెప్పి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సరళ గోడకి ఆనుకుని నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర చెంగు మడతలు పెట్టింది, విప్పింది. ఉత్తరాలయ్యాయి. పట్టికలు మొదలయ్యాయి. సంత రోజు కావడంతో రోడ్డు మీద మనుషుల సందడి వినిపిస్తోంది.

బేబి వంతు వచ్చింది. పట్టిక సర్దమని నొక్కే ముందు తలెత్తి టీచరు వైపు చూసింది. నొక్కు అన్నట్టు సరళ తలూపింది. బేబి నొక్కింది. మూలన సర్వరు కాస్త గట్టిగా ఊపిరి తీసుకుంది. తక్కిన తొమ్మిది తెరల మీదా అక్షరాలు మెల్లిగా, ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉన్నాయి. అంతలో కిటికీ బయట వంటింటి వైపు నుంచి అప్పలనర్సమ్మ గొంతు లేచింది, కరెంటు వాళ్ళ వంశాన్ని పేరుపేరునా తలుచుకుంటూ. రుబ్బురాయి మిషను సగంలో ఆగిపోయిందట. గదిలో ఒక్క తెర కూడా రెప్పవేయలేదు. పిల్లలు తలెత్తలేదు. సరళ ఇన్వర్టరు వైపు చూడకుండా ఉండాలని అనుకుని చూసింది. పచ్చదీపమే వెలుగుతోంది.

ఆఖరి పిల్ల పని ముగించేదాకా ఆఫీసరు కూర్చున్నాడు. తర్వాత లేచి సర్వరు దగ్గరికి వెళ్ళి, సగం చిరిగిన స్టిక్కరుని గోటితో గీకి చూశాడు.

"పాతదానిలా ఉందే. మీకు కొత్తది ఇవ్వలేదా?" అని అడిగాడు. జాలిగానే అడిగాడు.

"ఇచ్చారు సార్. రెండూ నడిపించి చూసి దీన్ని ఎంచుకున్నాం" అంది సరళ.

ఆయన ఒకసారి ఆమెనీ ఒకసారి సర్వరునీ చూసి తలాడించాడు. సెంటరు ఇక్కడే పెడుతున్నామని ఫ్లోరెన్స్ గారితో చెప్పి, అప్పలనర్సమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ మాట గుమ్మం దాటేలోపే హాస్టలంతా పాకింది. బేబి తను కూర్చున్న కుర్చీని బల్ల కిందికి తోసి, మళ్ళీ లాగి, నిటారుగా పెట్టి వెళ్ళింది.

కొత్త సర్వరుని తీసుకుపోవడానికి మోసెస్ ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాడు. పొద్దున్నే దాన్ని అట్టపెట్టెలోకి దించి, పక్కల్లో గడ్డి కూరారు. నాలుగు రోజులున్నా అది చేతులు వెచ్చబెట్టింది గనక పిల్లలు వరండాలో నిలబడి వీడ్కోలు ఇచ్చారు. డ్రైవరు జీపు తీస్తుండగా మోసెస్ పెట్టెలో చెయ్యి పెట్టి తడిమి చూశాడు.

"సరళమ్మా, కరెంటు తీగ పెట్టడం మర్చిపోయావు."

"మర్చిపోలేదు సార్" అంది సరళ.

మోసెస్ ఆమె చేతిలోకి చూశాడు. నల్లతీగ శుభ్రంగా చుట్టి ఉంది. గేటు దగ్గరున్న మంగ్లు వైపు చూశాడు. మంగ్లు తాత తనకేమీ తెలియనట్టు కొండల మీది మంచు చూస్తున్నాడు. ఆఫీసులో తీగలు బోలెడున్నాయిలే అని, నవ్వుకుంటూ జీపెక్కాడు మోసెస్.

జీపు మలుపు తిరిగాక సరళ వాచ్‌మన్ గదిలోకి వెళ్ళి, జనపతాడు తాళంచెవి వేలాడుతున్న మేకుకే ఆ తీగని కూడా తగిలించింది.

"ఇదేటి టీచరమ్మా, ఏం సేత్తన్నావు?" అన్నాడు మంగ్లు గుమ్మంలోంచి.

"ఇంకోటి రావాలి కదా తాతా" అంది సరళ.